హీట్ ప్రెస్ మొదలుపెడుతున్నారా? ముందు బట్ట లేబుల్ చదవండి

బట్టల మీద బొమ్మలూ పేర్లూ వేడితో అంటించే హీట్ ప్రెస్ కొందామనుకునేవాళ్లు మొదట అడిగేది "ఏ మిషన్ తీసుకోమంటారు?" అనే. నా లెక్కలో అది నాలుగో ప్రశ్న. మొదటిది: మీరు వేయబోయేది కాటన్ మీదా, పాలిస్టర్ మీదా? రెండోది: ఆ బట్ట తెలుపా, ముదురు రంగా? మూడోది: ఒక్కో డిజైన్ ఒక్కటి కావాలా, యాభై కావాలా? ఈ మూడూ తేలితే ఏ మిషన్ కొనాలో దానంతటదే తేలుతుంది. నేను మాత్రం తలకిందులుగా మొదలుపెట్టాను. టోపీలకీ కప్పులకీ ప్లేట్లకీ అన్నిటికీ పనికొస్తుందని ఎనిమిది రకాల అటాచ్‌మెంట్లున్న మిషన్ కొన్నాను. వాటిలో ఆరు ఇప్పటికీ అట్టపెట్టెలోంచి బయటికి రాలేదు.

ఇంకో సంగతి కూడా ముందే చెప్పేస్తాను. హీట్ ప్రెస్ దేన్నీ ప్రింట్ చేయదు. ప్రింటింగో కటింగో వేరేచోట జరుగుతుంది. ఇది దాన్ని బట్టకి పట్టిస్తుంది, అంతే. ఇస్త్రీపెట్టెకి పెద్దన్న అనుకోండి. కాకపోతే ఇస్త్రీపెట్టె ఒకచోట కాలుతుంది, ఇంకోచోట చల్లగా ఉంటుంది, మధ్యలో ఆవిరి రంధ్రాలు. ప్రెస్ ప్లేటంతా దాదాపు ఒకే వేడి, ఒకే ఒత్తిడి, సరిగ్గా అన్నే సెకన్లు ఇస్తుంది. ఈ పని మొత్తం ఆ మూడింటి మీదే నడుస్తుంది.

బట్టను బట్టి పద్ధతి

సబ్లిమేషన్ అంటే ప్రత్యేకమైన ఇంకుతో కాగితం మీద ప్రింట్ చేసి, ఆ రంగుని వేడితో బట్టలోకి ఎక్కించడం. ఇది అందరికీ ఆకర్షణీయంగా కనిపిస్తుంది. దానికి వాడే ఇంకు వేడికి కరగదు, నేరుగా ఆవిరవుతుంది. 190 నుంచి 205 డిగ్రీల సెల్సియస్ దగ్గర పాలిస్టర్ దారాల లోపలి నిర్మాణం కాస్త వదులవుతుంది. ఆవిరైన రంగు అందులోకి దూరుతుంది. చల్లారాక దారం మళ్లీ బిగుసుకుంటుంది, రంగు లోపలే చిక్కుకుపోతుంది. అందుకే చేత్తో తడిమితే ప్రింట్ ఉన్నట్టే తెలియదు. పగలదు, ఊడదు. అయితే రెండు షరతులు. బట్ట పాలిస్టర్ అయ్యుండాలి, తెలుపో బాగా లేత రంగో అయ్యుండాలి. కాటన్ మీద వేస్తే ఆ పూటకి బాగానే కనిపిస్తుంది, మొదటి ఉతుకులోనే చాలావరకు పోతుంది. నల్లచొక్కా మీద వేస్తే అసలు కనిపించదు, ఎందుకంటే ఈ ఇంకుల్లో తెలుపు లేదు. డిజైన్‌లో తెల్లగా ఉన్న చోటల్లా బట్ట రంగే కనిపిస్తుంది. కాటన్ కలిసిన బట్టల్లో పాలిస్టర్ ఎంత శాతం ఉంటే రంగు అంతే నిలుస్తుంది. 65 శాతం ఉన్న బట్ట మీద పాతబడినట్టు లేతగా వస్తుంది. కొందరు కావాలనే అలా వేయించుకుంటారు.

వినైల్ దీనికి పూర్తిగా వేరు. వెనక జిగురున్న రంగు ప్లాస్టిక్ షీట్‌ని కటింగ్ ప్లాటర్ మీద, అంటే కంప్యూటర్ డిజైన్ ప్రకారం కోసే మిషన్ మీద, అక్షరాలుగా కోసి, అక్కర్లేని భాగం సూదిలాంటి పరికరంతో పీకేసి, మిగిలినదాన్ని బట్టకి అంటిస్తాం. కాటన్, పాలిస్టర్, ముదురు రంగు, లేత రంగు, దేనిమీదైనా పడుతుంది. జెర్సీ నంబర్లకీ పేర్లకీ దీన్ని మించింది లేదు. ఫోటోలకీ సన్నటి గీతల డిజైన్లకీ దీని జోలికి పోకండి. పీకేసరికి తల ప్రాణం తోకకొస్తుంది.

మూడోది డీటీఎఫ్, అంటే డైరెక్ట్ టు ఫిల్మ్. డిజైన్‌ని ఫిల్మ్ మీద రంగులతో, ఆ పైన తెల్ల ఇంకుతో ప్రింట్ చేసి, అది తడిగా ఉండగానే జిగురు పొడి చల్లి కరిగిస్తారు. ఆ ఫిల్మ్‌ని బట్ట మీద పెట్టి ప్రెస్ చేస్తే బొమ్మ దిగిపోతుంది. ఏ రంగు బట్టైనా, ఎన్ని రంగుల బొమ్మైనా సరే. కొత్తవాళ్లకి నేను చెప్పేది ఒకటే: డీటీఎఫ్ ప్రింటర్ కొనకండి. తెల్ల ఇంకు అడుగున పేరుకుంటుంది. నాలుగు రోజులు వాడకపోతే ఇంకు చిమ్మే హెడ్ మూసుకుపోతుంది. ఫైలు పంపితే ప్రింట్ చేసిన ఫిల్మ్ పంపేవాళ్లు ఉన్నారు. ఒకే షీట్ మీద చిన్నా పెద్దా డిజైన్లన్నీ ఇరికించి వేయించుకుంటే ఖర్చు బాగా తగ్గుతుంది. మీ దగ్గర ప్రెస్ ఒక్కటుంటే చాలు, వ్యాపారం మొదలైనట్టే.

మామూలు ఇంక్‌జెట్ ప్రింటర్‌తో వేసుకునే ట్రాన్స్‌ఫర్ పేపర్ కూడా ఉంది. నేర్చుకోవడానికి పర్లేదు. అమ్మకానికి వద్దంటాను. ముట్టుకుంటే ప్లాస్టిక్‌లా తగులుతుంది, కొన్ని ఉతుకులకే బీటలు తీస్తుంది.

మిషన్ ఎంచుకోవడం

ఇప్పుడు ఆ నాలుగో ప్రశ్న. షర్టులకి 38 × 38 సెంటీమీటర్ల ప్లేట్ ఉన్న మిషన్ మొదట్లో సరిపోతుంది. పెద్ద సైజు షర్టులకి నిలువు డిజైన్లు వేస్తామంటే 40 × 60 చూడండి. నోరు తెరిచినట్టు పైకి లేచేది క్లామ్‌షెల్. జాగా తక్కువ తీసుకుంటుంది, పని వేగంగా సాగుతుంది. కానీ దళసరి వస్తువు పెడితే వెనకవైపు ఎక్కువ, ముందువైపు తక్కువ నొక్కుతుంది. పైప్లేట్ పక్కకి తిరిగే రకాన్ని స్వింగ్ ప్రెస్ అంటారు. ఒత్తిడి నిట్టనిలువుగా దిగుతుంది కాబట్టి పలకలకీ టైల్స్‌కీ అదే మేలు. పైగా వేడి ప్లేట్ కింద చేతులు పెట్టి సర్దే అవసరం ఉండదు. ఉత్త షర్టులే అయితే క్లామ్‌షెల్, గట్టి వస్తువులు కూడా చేస్తానంటే స్వింగ్. సమయం అయిపోగానే తనంతట తానే తెరుచుకునే మిషన్ దొరికితే కొంచెం ఎక్కువైనా పెట్టండి. ఫోన్ మోగిందని పక్కకి వెళ్లి షర్టు మాడ్చుకోని వాళ్లు ఈ పనిలో లేరు.

ఈ సైజు మిషన్లు దాదాపు 1,400 నుంచి 1,800 వాట్లు లాగుతాయి. దానికంటూ విడిగా ఒక మంచి సాకెట్ ఉండాలి. సన్నటి ఎక్స్‌టెన్షన్ వైరుకి తగిలిస్తే వైరు వేడెక్కుతుంది, ప్లేట్ వేడెక్కదు. గదిలో గాలి ఆడాలి, ముఖ్యంగా సబ్లిమేషన్ చేసేటప్పుడు పొగలాంటిది లేస్తుంది. కింద టేబుల్ ఊగకూడదు. లివర్ నొక్కినప్పుడల్లా టేబుల్ కదిలితే ఒత్తిడి ఎప్పటికీ కుదరదు.

మొదటి రోజు ప్రింట్ వేయకండి

మిషన్ విప్పగానే షర్టు పెట్టేయాలని చేతులు దురద పెడతాయి. కాస్త ఆగండి. ముందు డిస్‌ప్లే సెల్సియస్‌లో ఉందో ఫారెన్‌హీట్‌లో ఉందో చూడండి. 160 డిగ్రీల సెల్సియస్ అంటే 320 ఫారెన్‌హీట్. ఫారెన్‌హీట్‌లో ఉన్న మిషన్‌కి 160 పెడితే ప్లేట్ 71 డిగ్రీల సెల్సియస్ దగ్గరే ఆగిపోతుంది. ఏదీ అంటుకోదు, వినైల్ నాసిరకమని తిట్టుకుంటూ కూర్చుంటారు.

తర్వాత ఒత్తిడి. మామూలు కాగితాన్ని రెండు వేళ్ల వెడల్పు పట్టీలుగా ఐదు చింపండి. మిషన్ చల్లగా ఉండగానే నాలుగు మూలలా నాలుగు, మధ్యలో ఒకటి, కొసలు బయటికి ఉండేలా పెట్టి ప్రెస్ మూయండి. ఒక్కోటీ లాగి చూడండి. ఐదూ ఒకేలా బిగిసి ఉండాలి. ఒక మూల పట్టీ జారి వచ్చేసిందంటే ఆ మూల ప్రింట్ కూడా అలాగే ఊడుతుంది. పైనున్న నాబ్ మొత్తం ఒత్తిడిని మార్చగలదు కానీ ఒక పక్క వాలుని సరిచేయలేదు. వాలు ఉంటే మిషన్ వెనక్కి పంపడమే.

ఆపైన వేడి. డిస్‌ప్లే 160 చూపించినంత మాత్రాన ప్లేటంతా 160 ఉందని కాదు. అంచుల్లో మధ్యకంటే తక్కువ ఉండటం మామూలే. వేడి పెరిగితే రంగు మారే స్టిక్కర్ పట్టీలు దొరుకుతాయి, వాటిని అక్కడక్కడా పెట్టి చూడండి. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ కూడా వాడొచ్చు గానీ, మెరిసే లోహం మీద అది తప్పు చెబుతుంది. టెఫ్లాన్ షీట్ (వేడికి తట్టుకునే, ఏదీ అంటుకోని పల్చటి షీట్) లాంటి మెరవని ఉపరితలం మీద కొలిస్తే నయం. మీ మిషన్ ఎనిమిది డిగ్రీలు తక్కువ ఇస్తోందని తేలిందా, ఆ ఎనిమిది కలుపుకుని పెట్టుకోండి. ఆ అంకెని మిషన్ మీదే మార్కర్‌తో రాసుకోండి.

ఫైలు సంగతి

కస్టమర్ వాట్సాప్‌లో పంపిన బొమ్మ ఫోన్‌లో ముత్యంలా ఉంటుంది, షర్టు మీద మసకగా వస్తుంది. వేయబోయే అసలు సైజులో 300 డీపీఐ, అంటే అంగుళానికి 300 చుక్కలు, ఉండాలి. 30 సెంటీమీటర్ల వెడల్పు డిజైన్‌కి సుమారు 3,550 పిక్సెల్స్ కావాలి. బొమ్మని ఫోటోలా కాకుండా డాక్యుమెంట్‌గా పంపమని అడిగితే సగం గొడవ తీరుతుంది. వెనక తెల్లటి పెట్టె లేకుండా, పారదర్శకంగా ఉన్న పీఎన్‌జీ ఫైలు తీసుకోండి. డీటీఎఫ్‌కి పంపేటప్పుడు పొగలా కరిగిపోయే అంచులూ నీడలూ తీసేయండి. వాటి కింద తెల్ల ఇంకు పడి, బూడిద రంగు మచ్చలా కనిపిస్తుంది. ఒక మిల్లీమీటర్ కంటే సన్నటి గీతలు జిగురు పొడిని సరిగా పట్టుకోలేవు, వాటిని లావు చేయండి.

అద్దంలో కనిపించినట్టు తిప్పడం, అదే మిర్రర్: సబ్లిమేషన్‌కి తప్పనిసరి, వినైల్ కోసేటప్పుడూ తప్పనిసరి. డీటీఎఫ్ ఫిల్మ్ వేయించేటప్పుడు ఆ తిప్పడమేదో వాళ్లే చూసుకుంటారు, మీరు మళ్లీ తిప్పకండి. ముదురు బట్టల ట్రాన్స్‌ఫర్ పేపర్‌కి అసలు తిప్పకూడదు. పేరు తిరగబడి పడ్డ షర్టు ప్రతివాళ్ల దగ్గరా కనీసం ఒకటుంటుంది. నాది ఇప్పుడు ప్లేట్ తుడవడానికి పనికొస్తోంది.

షర్టు మీద మొదటి డీటీఎఫ్ ప్రింట్

ఒక కాటన్ షర్టు తీసుకోండి. నిలువుగా సగానికి మడిచి, భుజాలు రెండూ కలిసేలా సర్ది, మడత మీద ప్రెస్‌ని రెండు సెకన్లు ఆనించి తీయండి. విప్పితే షర్టు నడిమధ్య సన్నటి గీత కనిపిస్తుంది. డిజైన్‌ని కూడా అలాగే మధ్యకి మడిచి గుర్తు పెట్టుకుంటే, రెండు గీతలూ కలిపితే చాలు. మెడపట్టీ కింద నాలుగు వేళ్ల ఎడం, అంటే 7 - 8 సెంటీమీటర్లు వదిలి మొదలుపెట్టండి. కొత్తవాళ్లందరూ డిజైన్ మరీ కిందకి వేస్తారు, బొజ్జ మీద పడుతుంది. పెద్దవాళ్ల షర్టుకి ముందువైపు 25 - 30 సెంటీమీటర్ల వెడల్పు, ఎడమ ఛాతీ లోగో అయితే 8 - 10 సెంటీమీటర్లు బావుంటుంది.

షర్టుని కింది ప్లేట్‌కి తొడిగినట్టు ఎక్కించండి. అలా చేస్తే మెడ కుట్లు, గుండీలు, వెనక లేబుల్ ప్లేట్ కిందికి జారతాయి. అవి ప్లేట్ మీద ఉంటే ఎత్తుగా నిలిచి చుట్టుపక్కల ఒత్తిడి పడనివ్వవు. కిందికి తోయలేని కుట్టు అడ్డొస్తే డిజైన్ ఉన్న చోట లోపల చిన్న ఫోమ్ దిండు పెట్టి ఎత్తు చేయాలి.

ఇప్పుడు ఉత్త షర్టుని 5 సెకన్లు ప్రెస్ చేసి తీయండి. ఒక్కోసారి బట్టలోంచి ఆవిరి లేవడం కంటికి కనిపిస్తుంది. ఎండలో ఆరిన షర్టులో కూడా తేమ ఉంటుంది. ఆ తేమ ప్రింట్ సమయంలో ఆవిరైతే జిగురు పట్టదు. ఈ 5 సెకన్లు మిగుల్చుకుందామనుకుని పోగొట్టుకున్న ప్రింట్లు ఎన్నో లెక్కలేదు.

ఫిల్మ్‌ని బొమ్మ పైకి, జిగురు వైపు బట్టకి ఆనేలా పెట్టండి. పైన టెఫ్లాన్ షీటో బేకింగ్ పేపరో కప్పండి. 150 - 160 డిగ్రీలు, 12 - 15 సెకన్లు, మధ్యస్థంకంటే కాస్త గట్టి ఒత్తిడి. ఇవి మొదలుపెట్టడానికి అంకెలు మాత్రమే. మీకు ఫిల్మ్ ఇచ్చినవాళ్లు వేరే అంకె చెబితే వాళ్ల మాటే ఖాయం చేసుకోండి. కోల్డ్ పీల్ అని చెబితే చేయి ఆనించినా వెచ్చదనం తెలియనంత వరకు ఆగి తీయాలి. హాట్ పీల్ అయితే వెంటనే. ఫిల్మ్‌ని పైకి లాగకండి. ఒక మూల పట్టుకుని బట్టకి దాదాపు ఆనించినట్టుగా వెనక్కి మడుస్తూ నెమ్మదిగా తీయండి. ఎక్కడైనా అంచు లేచిందా, ఫిల్మ్‌ని వెనక్కి పరిచి ఇంకో ఐదారు సెకన్లు నొక్కండి.

అంతటితో అయిపోలేదు. ఫిల్మ్ తీశాక పైన మెరవని కాగితం కప్పి మళ్లీ 5 - 10 సెకన్లు ప్రెస్ చేయండి. ప్లాస్టిక్ మెరుపు పోతుంది, ప్రింట్ బట్ట నేతలోకి దిగుతుంది, ఎక్కువ ఉతుకులకి ఆగుతుంది. ఈ రెండో ప్రెస్ చేసినదీ చేయనిదీ పక్కపక్కన పెట్టి అంచుని గోరుతో గీరి చూడండి, తేడా మీకే తెలుస్తుంది.

వినైల్ కూడా ఇదే వరస: 150 - 160 డిగ్రీలు, 10 - 15 సెకన్లు. ఒక్క తేడా. రెండు మూడు రంగులు ఒకదాని మీద ఒకటి వేస్తున్నప్పుడు కింది పొరల్ని ఒకట్రెండు సెకన్లే అంటించి, ఆఖరి పొరకి మాత్రం పూర్తి సమయం ఇవ్వండి. లేకపోతే కింది వినైల్ ముడుచుకుని అంచుల్లోంచి తొంగిచూస్తుంది.

సబ్లిమేషన్‌లో వేరే జాగ్రత్తలు

ప్రింటర్ నుంచి వచ్చిన కాగితం చూసి కంగారు పడకండి. నలుపు మురికి ఆకుపచ్చలా, ఎరుపు వెలిసిపోయినట్టు ఉంటుంది. అసలు రంగు వేడి తగిలాకే బయటపడుతుంది. అప్పటికీ తేడాగా ఉంటే ఇంకుతో పాటు ఇచ్చే రంగుల ప్రొఫైల్ ఫైలు మీరు ఎక్కించుకోలేదన్నమాట. ఇంకుని వేడి చేసి చిమ్మే ప్రింటర్లు దీనికి పనికిరావు. ఎప్సన్‌లో ఉండే పీజో హెడ్‌లాంటిది, అంటే వేడి చేయకుండా ఇంకుని నెట్టి చిమ్మేది, కావాలి. ఒకసారి సబ్లిమేషన్ ఇంకు పోశాక ఆ ప్రింటర్‌ని మళ్లీ మామూలు ప్రింట్లకి వాడదామనే ఆశ వదులుకోండి.

షర్టు మీద జిగురు రోలర్ తిప్పి నూగంతా తీసేయండి. కంటికి కనిపించని చిన్న పోగు కూడా ప్రెస్ అయ్యాక నీలం చుక్కగా తేలుతుంది. అది ఇక పోదు. షర్టు లోపల ఒక కాగితం, పైన ఒక కాగితం తప్పక పెట్టండి, ఆవిరి అటూ ఇటూ చొచ్చుకుపోతుంది. ఆ కాగితాల్ని రెండోసారి వాడకండి, పాత డిజైన్ తాలూకు మరక కొత్త షర్టు మీద పడుతుంది. కాగితం కదలకుండా హీట్ టేప్, అంటే వేడికి తట్టుకునే టేప్, వేయండి. 195 - 200 డిగ్రీలు, 45 - 60 సెకన్లు, ఒత్తిడి మధ్యస్థం. తెరిచేటప్పుడు ఝాడించి తెరిస్తే కాగితం ఎగిరి, బొమ్మ పక్కన బొమ్మ నీడ పడుతుంది. నెమ్మదిగా తెరిచి, వేడి మీదే కాగితాన్ని ఒక్క ఊపులో ఎత్తేయండి. షర్టు మీద కాగితం అంచు గీత పడుతుంటే కత్తెరతో కోయకుండా కాగితం అంచుల్ని చేత్తో చింపి చూడండి. చింపిన అంచు పల్చగా ఉంటుంది కాబట్టి గీత పడదు.

కప్పులకి అందరూ ఒకటే తప్పు చేస్తారు. ఇంట్లో ఉన్న పింగాణీ కప్పు మీద రంగు పట్టదు. పాలిమర్ పూత ఉన్న సబ్లిమేషన్ కప్పులే కావాలి, ఎందుకంటే రంగు దిగేది పింగాణీలోకి కాదు, ఆ పూతలోకి. కాగితాన్ని కప్పు చుట్టూ బిగుతుగా చుట్టి టేప్ వేయండి. ఎక్కడ వదులుంటే అక్కడ మసక. కప్పు ప్రెస్‌లో 180 - 200 డిగ్రీల దగ్గర 2 నుంచి 4 నిమిషాలు పడుతుంది. అల్యూమినియం పలకల మీద పల్చటి రక్షణ ఫిల్మ్ ఉంటుంది, అది తీయకుండా ప్రెస్ చేస్తే పలకా పోతుంది, ఫిల్మూ పోతుంది.

ఎర్ర జెర్సీల కథ

ఒకసారి పదకొండు ఎర్ర పాలిస్టర్ జెర్సీల మీద తెల్ల వినైల్ నంబర్లు వేశాను. మామూలు వినైల్, 160 డిగ్రీలు. రాత్రి మడత పెట్టినప్పుడు పాలలా తెల్లగా ఉన్నాయి. పొద్దున్న చూస్తే పదకొండూ గులాబీ రంగు. ఆలోచిస్తే కారణం నేను రోజూ చేసే పనిలోనే ఉంది. పాలిస్టర్‌కి అద్దే రంగు కూడా సబ్లిమేషన్ ఇంకు జాతిదే. వేడికి బట్టలోని ఎరుపు ఆవిరై పైనున్న తెలుపులోకి ఎక్కింది. వెంటనే కనిపించదు, గంటలు గడిచేకొద్దీ తేలుతుంది. అప్పట్నుంచీ ముదురు పాలిస్టర్ వస్తే రంగుని అడ్డుకునే పొర ఉన్న వినైల్ గానీ, 120 - 130 డిగ్రీలకే అంటుకునే రకం గానీ వాడుతున్నాను. డీటీఎఫ్ ఫిల్మ్‌కీ ఇదే ముప్పు, తక్కువ వేడి రకం ఉందేమో అడగండి. ఏదైనా సరే, ముందు ఒక తెల్ల ముక్క అంటించి రెండు రోజులు పక్కన పెట్టి చూశాకే ఆర్డర్ ముట్టుకుంటాను.

పాలిస్టర్‌తోనే ఇంకో బాధ ఉంది. ప్లేట్ ఆనిన చోట చతురస్రంగా మెరుపు మచ్చ పడుతుంది. ఒత్తిడి తగ్గించి, కింద ఫోమ్ దిండు పెడితే చాలావరకు ఆగుతుంది. కాటన్ మీద పసుపుపచ్చగా కాలిన మచ్చ వస్తే వేడి ఎక్కువైనట్టు. వినైల్ అంచులు లేస్తుంటే ముందు ఒత్తిడి చూడండి, తర్వాత సమయం, ఆఖర్న వేడి. అందరూ దీన్ని తిరగేసి, ముందు వేడి పెంచి బట్ట మాడ్చుకుంటారు. నైలాన్, వాటర్‌ప్రూఫ్ పూత ఉన్న సంచులు, గొడుగు బట్ట లాంటివి మొదటి కొన్ని నెలలూ ఒప్పుకోకండి.

డబ్బులు తీసుకునే ముందు

ఒక నోటుపుస్తకం మిషన్ పక్కనే ఉంచండి. బట్ట రకం, పాలిస్టర్ శాతం, ట్రాన్స్‌ఫర్ ఎవరి దగ్గర కొన్నది, వేడి, సెకన్లు, ఒత్తిడి నాబ్ ఎన్ని చుట్లు, వేడిగా తీశామా చల్లారాకా, ఎలా వచ్చింది. ఆరు నెలల తర్వాత అదే కస్టమర్ మళ్లీ వస్తే ఆ పేజీ తీస్తే చాలు.

మొదటి నమూనాని అమ్మకండి. 24 గంటలు ఆగి ఉతకండి. ఐదుసార్లు, మీ ఇంటి బట్టలతో కలిపే, కస్టమర్ ఎలా ఉతుకుతాడో అలాగే. ఒక్క అంచు లేచినా ఆ సెట్టింగ్ తప్పు.

ధర కట్టేటప్పుడు షర్టు, ట్రాన్స్‌ఫర్ ఖర్చు రెండే కలిపితే నష్టపోతారు. డిజైన్ సరిచేసిన సమయం, ప్రెస్ వేడెక్కడానికి పట్టే కరెంటు, మొదట్లో పదింటిలో ఒకటి పాడవుతుందనుకుని ఆ షర్టు ఖర్చు, అన్నీ కలపండి. కస్టమరే షర్టు తెచ్చిస్తే, పాడైతే ఎవరిది బాధ్యతో డబ్బులు తీసుకోకముందే తేల్చుకోండి. కంపెనీల లోగోలు, కార్టూన్ పాత్రలు, జట్ల గుర్తులు అనుమతి లేకుండా వేసి అమ్మడం నేరమని కస్టమర్‌కి తెలియకపోవచ్చు, ప్రెస్ నడిపేవాళ్లకి తెలిసుండాలి.

షర్టుతో పాటు ఒక చిన్న చీటీ పెట్టండి: మొదటి రోజు ఉతకొద్దు, తిరగేసి చల్లనీళ్లలో ఉతకండి, బ్లీచ్ వద్దు, ప్రింట్ మీద నేరుగా ఇస్త్రీ చేయొద్దు. నేను ఆ చీటీని మడిచి మెడపట్టీ లోపల దూరుస్తాను. సంచిలో వేస్తే ఎవరూ చదవరు, తొడుక్కునేటప్పుడు మెడకి గుచ్చుకుంటే తీసి చదువుతారు.